రణపాల చచ్చేది దాహంతో కాదు

కుండీలో రణపాలో కలబందో చనిపోతే నీళ్లు చాలలేదనుకుంటాం. చాలాసార్లు జరిగేది అందుకు విరుద్ధం. రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటుందని ఒకప్పుడు సామర్లకోట తోటను చూసుకున్న వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైన్ 19వ శతాబ్ది ఆరంభంలోనే గమనించాడు. ఈ మొక్క ఎండవేళ ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి పీల్చిన కార్బన్ డయాక్సైడును ఆమ్లంగా దాచుకుంటుంది. ఆ పులుపూ, అంత తక్కువ నీటి ఖర్చూ అందువల్లే. అలాంటిదానికి రోజూ నీళ్లు పోస్తే, అందులోనూ అడుగున చిల్లులేని ఆ అందాల పింగాణీ కుండీల్లో, వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి. మరి ఆకులు ముడతపడితే దాహమే కదా అనొచ్చు. కావచ్చు. కానీ కుళ్లిన వేరు నీరు పీల్చలేకపోయినా ఆకులు ముడతపడతాయి. ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. తడి తగిలితే చెంబు పక్కన పెట్టండి, వానాకాలంలో మరీనూ.