చొక్కా మీద పేరు ఎవరిది?

జడ్చర్లలో ఒక ఇల్లు. రాత్రి టీవీలో క్రికెట్ వస్తున్నది. ఆ ఇంటి తల్లి ఈ మధ్యనే చదువు నేర్చుకున్నది. ఎక్కడ అక్షరాలు కనబడినా ఆగి చూస్తున్నది.

"వాళ్ల అంగీల మీద గా రాతలేంది బిడ్డా? ఆడేటోళ్ల పేర్లా?"

"కాదమ్మా. కంపెనీ పేరు."

"ఆట వాళ్లది. పేరు కంపెనీది ఎందుకు?"

మంచి ప్రశ్న. పండుగకు ఊళ్లో కబడ్డీ పోటీలు పెడతారు. కప్పుకు ఒకరు డబ్బు ఇస్తారు. మైకులో వారి పేరు చెబుతారు. పెద్ద పోటీల్లో ఆ డబ్బు కంపెనీలు ఇస్తాయి. ఇలా ఖర్చు భరించేవారిని స్పాన్సర్ అంటారు. కంపెనీ ఊరికే ఇవ్వదు. తన పేరు అందరి కళ్లలో పడాలి, సరుకు అమ్ముడుపోవాలి. అదీ దాని లెక్క.

ఇంగ్లండు దేశంలో ఫుట్‌బాల్ అంటే జనానికి ప్రాణం. అక్కడ లీగ్ కప్పు అనే పోటీ 1960లో మొదలైంది. 1982లో పాలు అమ్మే బోర్డు దానికి డబ్బు ఇచ్చింది. వెంటనే పోటీ పేరు 'మిల్క్ కప్పు' అయింది. అంటే పాల కప్పు. తర్వాత కూల్‌డ్రింకు పేరు వచ్చింది. ఆ తర్వాత బీరు పేరు వచ్చింది. కప్పు అదే. డబ్బు ఇచ్చినవారిని బట్టి పేరు మారింది.

మన దగ్గరా ఇదే కథ. 1986లో భారత్, ఆస్ట్రేలియా జట్ల క్రికెట్ పోటీలకు 'చార్మినార్ ఛాలెంజ్' అని పేరు పెట్టారు. అది కట్టడం పేరు అనుకునేరు. కాదు, హైదరాబాదులో తయారయ్యే సిగరెట్టు పేరు. 1996 ప్రపంచ కప్పుకు కూడా సిగరెట్టు పేరే, విల్స్. ఆటకు ఊపిరి బలం కావాలి. సిగరెట్టు ఆ ఊపిరినే తింటుంది. 2003లో చట్టం వచ్చింది. పొగాకు కంపెనీలు ఆటలకు స్పాన్సర్లుగా ఉండరాదని చెప్పింది.

సిగరెట్టు పోయింది. సెల్‌ఫోను ఆట వచ్చింది. ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. అయినా 2020లో ఐపీఎల్ పోటీలకు అలాంటి ఆట నడిపే డ్రీమ్11 కంపెనీ స్పాన్సర్ అయింది. 2023లో భారత జట్టు చొక్కా మీదికీ ఆ పేరు ఎక్కింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఈ డబ్బు ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. డ్రీమ్11 తప్పుకున్నది. సెప్టెంబరులో ఆ చోటికి ఒక టైర్ల కంపెనీ వచ్చింది.

చొక్కా మీద పేరు ఉంటే ఆ సరుకు మంచిదని కాదు. ఆ కంపెనీ డబ్బు ఇచ్చిందని, అంతే. ఆ డబ్బు ఎక్కడిది? సరుకు కొన్నవారిదే.

జడ్చర్ల తల్లి అంతా విన్నది. మెల్లగా అడిగింది.

"నీ ఫోన్ల గా డబ్బుల ఆట ఉన్నదా బిడ్డా?"

కొడుకు తల వంచుకున్నాడు.

ఆలోచించండి: మీ ఇంట్లో పిల్లలు చూసే ఆటకు స్పాన్సర్ ఎవరు? వారు అమ్మేది ఏమిటి?