కారు ఆయిలు పోస్తే మోటారు సైకిలుకు చేటు
డబ్బా మీది రెండక్షరాలు చూసి కొనడమే మేలు

(బాలాపూర్ విలేకరి)

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. కారులో పోయగా మిగిలిన ఇంజన్ ఆయిలును మోటారు సైకిలులో పోసి నాలుగు రూపాయలు మిగుల్చుకుందామనుకునే వారికి ఈ సామెత చక్కగా వర్తిస్తుంది.

1994లో రూ.450తో మొదలైన వినాయకుని లడ్డూ వేలంపాటతో పేరు మోగిన బాలాపూర్ ఒకప్పుడు హైదరాబాదు శివారు పల్లె. ఎడ్లబండ్లు, సైకిళ్లు తిరిగిన ఈ బాటలో నేడు ఇంటికొక మోటారు సైకిలు ఉందంటే అతిశయోక్తి కాదు. తెల్లవారకముందే పాల క్యాన్లు కట్టుకుని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు సాగేవారు, తాపీ సామాను వేసుకుని పనికి వెళ్లే మేస్త్రీలు, కూరగాయల మూటలు మోసేవారు అందరికీ బండే ఆధారం. బండి ఆగిన నాడు కూలి ఆగినట్లే.

ఈ విలేకరికే ఎదురైన అనుభవం ఒకటి చెప్పవలసి ఉంది. మేనమామ గారి కారుకు ఆయిలు మార్చగా డబ్బాలో లీటరు దాకా మిగిలింది. ఖరీదైన సరుకు, వృథా చేయడమెందుకని దానిని మోటారు సైకిలులో పోయడమైంది. మొదట బండి మెత్తగా నడిచింది. కొద్ది రోజులకు వెనుక బియ్యం బస్తా వేసుకుని పహాడీషరీఫ్ వైపు ఎత్తు ఎక్కుతుండగా ఇంజను హోరెత్తుతున్నది గాని బండి ముందుకు కదలలేదు. చివరికి దిగి నెట్టుకుంటూ మెకానిక్కు దగ్గరకు చేరవలసి వచ్చింది. అతడు డబ్బా పేరు అడిగి నవ్వాడు. "ఆయిలు మంచిదే తమ్మీ, కాని నీ బండికి కాదు. క్లచ్ పేట్లు జారుతున్నయి" అన్నాడు. కొత్త క్లచ్ ప్లేట్లకైన ఖర్చుతో సరైన ఆయిలు డబ్బాలు ఎన్నో వచ్చేవి.

ఒకటే ఆయిలు – మూడు పనులు

ఇంతకూ తేడా ఎక్కడుంది? కారులో ఇంజనుకు ఒక ఆయిలు, గేరు పెట్టెకు మరొక ఆయిలు వేర్వేరుగా ఉంటాయి. గేర్లు చేత్తో మార్చే కార్లలో క్లచ్ సాధారణంగా పొడిగానే ఉంటుంది. దానికి ఆయిలు తగలకూడదు. నేటి మోటారు సైకిళ్లలో చాలా వాటికి ఈ ఏర్పాటు లేదు. ఇంజను, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిలులో తడుస్తూ పని చేస్తాయి. క్లచ్ ప్లేట్లు ఆయిలులో మునిగి ఉంటూనే ఒకదానినొకటి గట్టిగా పట్టుకోవాలి. ఆ పట్టు ఉంటేనే ఇంజను బలం చక్రానికి అందుతుంది.

పెట్రోలు ఆదా కావాలని ఇప్పటి కారు ఆయిళ్లను బాగా పలుచగా తయారు చేస్తున్నారు. అనేక రకాలలో రాపిడిని మరింత తగ్గించే మందులు కూడా కలుపుతున్నారు. కారుకు అవి మేలే. కాని అదే జారుడు గుణం మోటారు సైకిలు క్లచ్ ప్లేట్ల పట్టు సడలిస్తుంది. ప్లేట్లు జారి, వేడెక్కి, మాడి అరిగిపోతాయి. బరువు వేసినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఈ లోపం ముందుగా బయట పడుతుంది.

అంతటితో కాలేదు. గేరు పళ్ల మధ్య నలిగి ఆయిలు చిక్కదనం త్వరగా తగ్గుతుంది. కారులో మూడు నాలుగు లీటర్ల ఆయిలు పడితే, మన చిన్న బండ్లలో పట్టేది సుమారు ఒక లీటరే. ఇంజను తిరిగే వేగం ఎక్కువ, పైగా చాలా వాటికి గాలి తప్ప వేరే చల్లదనం లేదు. కొద్దిపాటి ఆయిలు ఇంత చాకిరీ చేయాలంటే అందుకు తగినదే కావాలి.

పెద్దల మాట అబద్ధమా?

"మా కాలంలో అన్నింటికీ ఒకటే ఆయిలు పోశాం, ఏమైంది?" అని పెద్దలు అడగవచ్చు. వారి మాటలోనూ నిజముంది. పాత బుల్లెట్టులో ఇంజనుకు, గేరు పెట్టెకు, క్లచ్ పెట్టెకు వేర్వేరుగా పోసేవారు. ఆనాటి కారు ఆయిళ్లు కూడా చిక్కగా, నేటి జారుడు మందులు లేకుండా ఉండేవి. మారింది ఆయిలు, మారింది బండి. 1985లో హీరో హోండా సి.డి.100 వచ్చిన తరువాత నాలుగు స్ట్రోకుల చిన్న బండ్లు పల్లెపల్లెకు చేరాయి. రాజ్‌దూత్, పాత చేతక్ వంటి రెండు స్ట్రోకుల బండ్లలో పెట్రోలులోనే ఆయిలు కలిపేవారు. అలాంటివి ఇంకా నడిపేవారు టూ టి అని రాసి ఉన్న ఆయిలే వాడాలి. కారు ఆయిలు కలిపితే ప్లగ్గు మసిబారుతుంది, పొగ పెరుగుతుంది.

పూర్వం ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టకుండా బండి కట్టేవారు కాదు. మన తెలంగాణ మెట్ట పొలాలలో పండే ఆముదానికీ ఇంజన్లకూ చుట్టరికం ఉంది. తొలినాటి విమానాలకు, పందెపు మోటారు సైకిళ్లకు ఆముదమే ఇంజన్ ఆయిలు. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా 1909లో ఆముదపు ఇంగ్లీషు పేరు నుంచి పుట్టిందే. ఏ ఇరుసుకు ఏ కందెన అన్న తెలివి మన తాతలకు ఉన్నది. అది మనం మరువరాదు.

డబ్బా మీద ఏమి చూడాలి?

మోటారు సైకిళ్ల ఆయిలుకు జపాను వారు 1998లో జాసో అనే కొలమానం ఏర్పరచారు. డబ్బా వెనుక జాసో ఎం.ఏ. అని ఉంటే తడి క్లచ్ బండికి పనికివస్తుందని అర్థం. 2006 నుంచి దీనినే ఎం.ఏ.1, ఎం.ఏ.2 అని విడదీశారు. రెండవ దానిలో క్లచ్ పట్టు ఎక్కువ. ఎం.బి. అని ఉన్నది జారుడు రకం, గేర్లు లేని స్కూటర్ల కోసం. ఆ స్కూటర్లలో క్లచ్ ఆయిలులో తడవదు, గేరు ఆయిలు వేరుగా పోయాలి.

ఇక 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-40 వంటి అంకెలు చిక్కదనాన్ని తెలుపుతాయి. ఏ అంకె కావాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. దానినే పాటించాలి. ఇంధన పొదుపు అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు కారు ఆయిలు డబ్బాపై కనిపిస్తే తడి క్లచ్ బండికి దూరంగా ఉంచడం మంచిది.

రైతుల ఇళ్లలో ట్రాక్టరు ఆయిలు ఉండడం సహజం. డీజిలు ఆయిళ్లలో కొన్ని క్లచ్‌ను జార్చవు. కొన్నింటిపై జాసో ఎం.ఏ. గుర్తు కూడా ఉంటుంది. గుర్తు ఉంటే వాడవచ్చు, లేకుంటే నమ్మకం లేదు.

ఇప్పటికే పోసి ఉంటే?

కంగారు పడనక్కరలేదు. ఇంజను ఒక్క రోజులో చెడిపోదు. వెంటనే ఆ ఆయిలు దించి, ఫిల్టరు ఉంటే మార్చి, సరైనది పోయించాలి. ప్లేట్లు మాడకపోతే జారుడు ఒకటి రెండు మార్పులతో తగ్గవచ్చు. మాడితే మార్చక తప్పదు. దారిలో ఆయిలు పూర్తిగా అడుగంటితే మాత్రం లెక్క వేరు. ఆయిలు లేకుండా నడిపితే ఇంజనే పట్టేస్తుంది. అలాంటప్పుడు ఏదో ఒకటి పోసుకుని మెల్లగా షాపు చేరి, అక్కడ మార్పించుకోవడమే తెలివి. దించిన ఆయిలును మోరీలో, బావి దగ్గర, చేనులో పారబోయరాదు. మెకానిక్కుకు అప్పగించాలి.

షాపులో విడి ఆయిలు పోయించుకునే వారు డబ్బా చూపమని అడగడానికి మొగమాటపడుతున్నారు. మన బండి, మన డబ్బు, అడగడంలో తప్పు లేదు. డబ్బా తిప్పి చూడడానికి నిమిషం చాలు. ఆ నిమిషం లేక ఎత్తు మీద బండి నెట్టిన వాడి మాట ఇది.