వాక్‌త్రూ విండ్‌షీల్డ్

వాక్‌త్రూ విండ్‌షీల్డ్ అనేది చిన్న మోటారు పడవలలో గాలి, నీటి తుంపరల నుండి రక్షణ కొరకు అమర్చే తెర. దీని మధ్య భాగం తలుపు వలె తెరచుకుంటుంది. ఉత్తర అమెరికాలోని మహా సరస్సులలో వినోదం కొరకు చేపలు పట్టే పడవలలో ఇది సాధారణం. గాలం వేసేవారు ఈ దారి గుండా పడవ ముందుభాగానికి వెళ్తారు.

నిర్మాణం

టెంపర్డ్ గాజు లేదా ఆక్రిలిక్ పలకలను అల్యూమినియం చట్రంలో బిగిస్తారు. పక్క పలకలు స్థిరంగా ఉంటాయి. మధ్య పలక మడతబందులపై తిరుగుతుంది. దారినిచ్చే ఈ పలకయే తెరలో బలహీనమైన భాగం.

భద్రపరచుట

మధ్య పలకను గడియ వేసి మూసి ఉంచాలి, లేదా పూర్తిగా తెరచి పక్క పలకకు పట్టీతో బిగించాలి. వదులుగా వదిలితే అలల కుదుపుకు కొట్టుకొని అద్దం పగలవచ్చు, వేళ్ళు నలగవచ్చు.

పడవను ట్రెయిలరుపై తరలించేటపుడు ప్రమాదం మరింత ఎక్కువ. గాలి ఒత్తిడి వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గంటకు 50 కి.మీ. వేగం 100 కి.మీ. అయితే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుచేత బయలుదేరే ముందు గడియను సరిచూడాలి.

సంరక్షణ

ఆక్రిలిక్ పలకలపై సులువుగా గీతలు పడతాయి. ముందుగా నీటితో దుమ్మును కడిగి, పిదప మెత్తని గుడ్డతో తుడవాలి. పొడి గుడ్డతో రుద్దరాదు. అమ్మోనియా కలిసిన ద్రవాల వలన వీటిపై సన్నని పగుళ్ళు ఏర్పడతాయి. పడవపై కప్పే గుడ్డ కింద ఇసుక ఉన్నచో ప్రయాణంలో రాపిడికి పలకలు మసకబారతాయి.

ఉప్పునీటిలో వాడినచో, స్టెయిన్‌లెస్ స్టీలు మరలు తగిలే చోట అల్యూమినియం చట్రం క్షయిస్తుంది. కావున ప్రతిసారీ మంచినీటితో కడగాలి.