ఒక కథ, రెండు పటాలు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మన పిల్లలు ఎందరో ఇంట్లో నానీ నోట ఉర్దూలో, అంగన్‌వాడీలో తెలుగులో కథలు వింటారు. తిరిగి చెప్పమంటే మాత్రం మౌనం వహిస్తారు. మాట పెగలని చోట చేతికి రంగులిచ్చి చూద్దాం.

ఇది మన నేలకు కొత్త కాదు. చేర్యాల నకాషీ కళాకారులు పొడవాటి గుడ్డపై కథను గడులుగా చిత్రిస్తే, కథకులు ఊరూరా ఒక్కో బొమ్మను చూపుతూ చెప్పేవారు. ‘నకాషీ’ పదానికి మూలం అరబీలోని ‘నక్ష్’.

పంచతంత్రంలోని కోతి–మొసలి కథనే తీసుకుందాం. అది పహ్లవీ భాష మీదుగా అరబీకి చేరింది. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా రచించిన ‘కలీలా వ దిమ్నా’లో మొసలి తాబేలైంది, నేరేడు చెట్టు అంజీరు చెట్టైంది.

నలుగురు పిల్లలను కూర్చోబెట్టి, పొడవాటి కాగితంపై నాలుగు గడులు గీయండి: స్నేహం, ద్రోహం, ఉపాయం, విముక్తి. ఒక్కొక్కరు ఒక్కో గడి నింపి, తమ భాగం తామే చెప్పాలి. మరునాడు రెండో కథను మరో కాగితంపై గీయించి, రెంటినీ పక్కపక్కన వేలాడదీయండి. ప్రాణుల బొమ్మలు వద్దనుకునే ఇళ్లలో ఆకు కోతికి, రాయి తాబేలుకు గుర్తు కావచ్చు.

“ఏం మారింది? ఏం మారలేదు?” అని అడగండి. జంతువు మారింది, పండు మారింది; గుండెను చెట్టుపైనే మరచి వచ్చానన్న కోతి ఉపాయం మారలేదు. ఉర్దూ, తెలుగు కలగలిపి చెప్పినా మధ్యలో దిద్దవద్దు. కథను చివరిదాకా చెప్పగలిగిన బిడ్డకు రెండు భాషలూ తనవే అవుతాయి.