గోడకు రంగు వేయించే ముందు...

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున మా ఆసుపత్రికి ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. వయస్సు 72. బడిపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన పంతులమ్మ గారు. స్నానాల గదిలోకి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర పడిపోయారు. ఎక్స్‌రే తీస్తే తుంటి దగ్గర ఎముక విరిగినట్లు తేలింది.

"మొన్ననే కళ్ళజోడు కూడా మార్పించామండీ, డాక్టరు గారూ! చూపు బాగానే ఉంది. బి.పి. లేదు, షుగరు లేదు. ఎందుకు పడిందో అర్థం కావడం లేదు" అన్నాడు కొడుకు.

ఇల్లు ఎలా ఉంటుందని అడిగాను. పండక్కి ఇల్లంతా బాగు చేయించాడట. పాత ఎర్ర సిమెంటు గచ్చు తీయించి, గదులన్నిటిలోనూ మెరిసే తెల్ల టైల్సు పరిపించాడు. గోడలన్నీ తెలుపే. స్నానాల గది గుమ్మం దగ్గర నాలుగంగుళాల మెట్టు ఉంది. దానికీ అదే తెల్ల టైలు. ఇంతకుముందు ఆ మెట్టు నల్ల కడప బండ. ముప్ఫై ఏళ్ళపాటు ఆవిడ దాని మీద అడుగు వేసి వెళ్ళారు, ఒక్కసారీ తూలలేదు. నల్ల బండ పోయిన పదో రోజున పడ్డారు.

ఆవిడ చూపులో కొత్తగా వచ్చిన లోపమేమీ లేదు. అడుగు ఎక్కడ వేయాలో చెప్పే రంగు పోయింది.

ఇంటికి ఏ రంగు వేయించుకోవాలో చెప్పడానికి డాక్టరెందుకని మీరు అనుకోవచ్చు. కానీ పండగలకు ముందూ వెనుకా మా దగ్గరికి వచ్చే కేసుల్లో కొన్ని ఈ రంగుల పనితోనే ముడిపడి ఉంటాయి. వచ్చే చుట్టాలు మెచ్చుకోవాలని రంగు ఎంచుకుంటాం. ఆ గోడల మధ్య రాత్రింబవళ్ళు ఉండే ముసలివాళ్ళను, పసివాళ్ళను, ఉబ్బసం ఉన్నవాళ్ళను కూడా ఒక్కసారి తలచుకోవాలన్నదే నా మనవి.

పెద్దవాళ్ళ కళ్ళకు

వయస్సు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది. లోపలి లెన్సు పసుపుబారుతుంది. ఇరవై ఏళ్ళవారి కంటి లోపలి తెరకు చేరే వెలుతురులో అరవై ఏళ్ళవారికి చేరేది సుమారు మూడోవంతే. లేత నీలం, లేత ఆకుపచ్చ, లేత ఊదా వంటివి వారికి దాదాపు ఒకేలా కనబడతాయి. ఎరుపు, నారింజ, ముదురు పసుపు బాగా తెలుస్తాయి. కళ్ళజోడు అక్షరాలను స్పష్టం చేయగలదు గాని, తెల్ల నేల మీద తెల్ల మెట్టును విడదీసి చూపలేదు.

మన పెద్దవాళ్ళు గడపకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టేవారు. అరుగు అంచున, మెట్ల అంచున జాజు పట్టీ వేసి దాని మీద తెల్లటి ముగ్గు పెట్టేవారు. ఆచారమెలా ఉన్నా, మునిమాపు వేళ మసక వెలుతురులో కూడా మెట్టు ఎక్కడ ముగుస్తుందో అందరికీ తెలిసేది. ఆ మేలును టైల్స్ ఇంట్లోనూ తెచ్చుకోవచ్చు.

ప్రతి మెట్టు అంచునా రెండంగుళాల వెడల్పున ఎర్రటి లేదా ముదురు రంగు పట్టీ వేయించండి. రంగు నిలవకపోతే జారని గరుకు టేపు అంటించండి. మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీ గోడ రంగులో కలిసిపోకూడదు. తెల్ల గోడ మీది తెల్ల స్విచ్‌బోర్డు చుట్టూ ఒక రంగు గీత గీయిస్తే రాత్రిపూట తడుముకోనక్కరలేదు. పడకగది నుంచి మరుగుదొడ్డి దాకా తెల్లవార్లూ ఒక చిన్న బల్బు వెలగనివ్వండి. నేల నున్నగా మెరవడం కంటే గరుకుగా ఉండడం మేలు.

ఒక్క జాగ్రత్త. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలకు, లేత రంగు నేల మధ్యలో పరచిన నల్లటి పట్టా గుంటలా కనబడవచ్చు. దాన్ని దాటబోయి పడతారు. ముదురు రంగు మెట్టు అంచుకే గాని, నడిచే దారి మధ్యలో వద్దు.

వెలుతురు తక్కువైన గదికి

మంచి తెలుపు తన మీద పడిన వెలుతురులో నూటికి 80 వంతుల దాకా తిప్పి పంపుతుంది. ముదురు నీలం, ముదురు గోధుమ వంటివి చాలావరకు మింగేస్తాయి. అందుచేత ఒకే కిటికీ ఉన్న గదిలో పైకప్పుకు తెలుపు, కిటికీకి ఎదురు గోడకు మీగడ రంగో లేత పసుపో వేయించండి. ముదురు రంగు మీద మోజు ఉంటే ఒక గోడకే, అదీ కిటికీ ఉన్న గోడకే పరిమితం చేయండి.

పిల్లల బల్లను కిటికీ పక్కన, వెలుతురు ఎడమ వైపు నుంచి పడేటట్లు జరపండి (ఎడమ చేత్తో రాసే పిల్లలకు కుడి వైపు నుంచి). దీనికి కాణీ ఖర్చు లేదు. మసక వెలుతురులో చదివితే కళ్ళు శాశ్వతంగా పాడవుతాయన్నది నిజం కాదు. కళ్ళు లాగడం, తలనొప్పి మాత్రం వస్తాయి.

"నీలం రంగు వేయిస్తే బి.పి. తగ్గుతుందా?" అని అడిగేవారున్నారు. గోడ రంగును నమ్ముకుని మాత్రలు మానవద్దు. మనసుకు నచ్చిన రంగు హాయినిస్తుంది. అంతకు మించి మందులా పనిచేస్తుందని చెప్పలేను.

పాత తలుపులూ, పసిపిల్లలూ

అన్నిటికంటే భయపడవలసినది ఇది. పాతకాలపు ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగుల్లో, కిటికీ ఊచలకు వేసే రెడ్ లెడ్‌లో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అంతకుముందు రంగులు వేసిన తలుపులు, కిటికీలు, ఉయ్యాలలు ఇంకా మన ఇళ్ళలో ఉన్నాయి.

ఆ రంగును శాండ్ పేపరుతో పొడిగా గీకితే సీసం ధూళిగా లేస్తుంది. నేల మీద పాకే బిడ్డ చేతికి అంటుకుని నోట్లోకి పోతుంది. గర్భిణి పీల్చితే కడుపులోని బిడ్డకూ చేరుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. బిడ్డ రక్తంలో ఇంత ఉన్నా ఫరవాలేదనే మోతాదు అంటూ ఏదీ లేదు. జ్వరంలా పైకి కనబడదు. పిల్లవాడు చదువులో వెనకబడినప్పుడు కారణం ఎవరికీ తట్టదు.

పాత రంగు గట్టిగా ఉంటే గీకించకుండా పైననే కొత్త పూత వేయించండి. పెచ్చులూడుతుంటే నీళ్ళు చల్లి, తడిగానే గీకించండి. మంటతో కాల్చి తీయనివ్వద్దు. పని ముగిసేదాకా పసిపిల్లలను, గర్భిణులను వేరే ఇంట ఉంచండి. తర్వాత చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో రెండుమూడుసార్లు తుడవండి. కొత్త రంగు కొనేటప్పుడు సీసం గురించి డబ్బా మీద ఏమి రాశారో చూసుకోండి.

చెమ్మ, వాసన, సున్నం

గోడ చెమ్మెక్కి నల్లటి బూజు పట్టిందంటే ఎంత ఖరీదైన రంగు వేసినా దాచినట్లవుతుంది గాని పోదు. ఆ బూజు ఉబ్బసాన్ని రేపుతుంది. ముందు నీరు కారే గొట్టాన్నో, కప్పు పగులునో బాగుచేయించి, గోడ ఆరిన తర్వాతే రంగు సంగతి చూడండి. ఆయిల్ పెయింటు వేసిన గదిలో వాసన పోయేదాకా ఉబ్బసం రోగిని పడుకోబెట్టవద్దు. కిటికీలు తెరిచి ఉంచండి.

డబ్బు తక్కువైతే చిన్నబుచ్చుకోనక్కరలేదు. సున్నపు వెల్ల చవక, తెల్లన, బూజును ఎదగనివ్వదు. అయితే సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది. నీళ్ళు పోసిన సున్నపు తొట్టి దగ్గరికి పిల్లలను రానివ్వకండి. వెల్ల వేసే మనిషికి కళ్ళద్దాలు ఇవ్వండి. ఒకవేళ పడితే, ఆ క్షణమే రెప్ప తెరిచి పట్టుకుని అరగంటసేపు ధారగా మంచినీళ్ళు పోస్తూ కడగండి. నూనె, చనుబాలు, పసుపు ఏదీ వేయవద్దు. కడిగిన వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ముందు ఆసుపత్రికని పరుగెత్తి, అక్కడ కడుగుతారులే అనుకుంటే ఆలస్యమవుతుంది.

పంతులమ్మ గారికి ఆపరేషన్ అయింది. మూడు నెలల తర్వాత వాకరు పట్టుకుని పరీక్షకు వచ్చారు. కొడుకు తెల్ల మెట్టు అంచుకు ఎర్ర పట్టీ వేయించాడట, గుమ్మం పక్కన కడ్డీ బిగించాడట.

"ఇల్లు పాడైపోయిందని కోడలు సణుగుతోంది, నాయనా! నాకు మాత్రం ఇప్పుడు మళ్ళీ మా ఇల్లులా ఉంది" అన్నారావిడ.

మీ ఇంట కూడా రంగుల పని మొదలుపెట్టే ముందు, రాత్రిపూట దీపాలార్పి, ఇంట్లో అందరికంటే పెద్దవారిని వెంటబెట్టుకుని ఒకసారి గదులన్నీ తిరగండి. వారు ఎక్కడ తడబడి ఆగుతారో, మొదటి డబ్బా రంగు అక్కడికి కొనండి.