చేప రంగు ఎంతసేపట్లో మారింది?

తెల్లారి లైటు వేయగానే ట్యాంకులో నియాన్ టెట్రాలు వెలిసిపోయి కనిపిస్తాయి. కొత్తగా చేపలు పెంచేవాళ్లకు గుండె గుభేలుమంటుంది. కాసేపు ఆగితే నీలి చార మళ్లీ తళుక్కుమంటుంది. చేప రంగు మారిందంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎంతసేపట్లో?

నిమిషాల్లో మారితే అది చర్మంలోని వర్ణ కణాల పని. తెల్ల పళ్లెంలో గుప్పెడు నల్ల నువ్వులు మధ్యలో పోగు పెట్టండి, పళ్లెం తెల్లగానే ఉంటుంది. అవే నువ్వులు పరిచేస్తే నల్లబడుతుంది. నల్ల వర్ణ కణాల్లో మెలనిన్ రేణువులు చేసేదీ అదే. ట్యాంకు అడుగు నలుపో తెలుపో కన్ను చూస్తుంది. నాడులు, హార్మోన్లు ఆ కబురు చర్మానికి చేరవేస్తాయి. అందుకే తెల్ల టైల్స్ తొట్టిలో చేప పాలిపోతుంది, నల్ల గులకరాళ్ల మీద ముదురుతుంది. టెట్రా నీలానికి మాత్రం రంగు పదార్థమే లేదు. కణాల్లోని గ్వానిన్ స్ఫటికాల పలకలు వెలుతురును వెనక్కి కొడతాయి. పలకల మధ్య ఎడం మారితే రంగూ మారుతుంది.

వారాల తరబడి ఎరుపు, పసుపు తగ్గుతూ వస్తే మేత చూడండి. ఆ రంగులిచ్చే కెరోటినాయిడ్లను చేప సొంతంగా తయారు చేసుకోలేదు. నాచు నుంచో, నాచు తిన్న రొయ్యల నుంచో తెచ్చుకోవాలి. ఉడికించిన రొయ్యను ఎర్రగా చూపించే అస్టాజాంతిన్ అలాంటిదే. స్పిరులినా, రొయ్య కలిసిన మేతతో రంగు మెల్లగా తిరిగి వస్తుంది.

నెలల్లో మారితే వయసు కావచ్చు. గోల్డ్‌ఫిష్ పిల్ల మొదట మట్టిరంగులో ఉంటుంది. నల్ల కణాలు నశించాకే బంగారు రంగు బయటపడుతుంది. అండమాన్ పగడపు దిబ్బల్లోని ఎంపరర్ ఏంజెల్ చేప చిన్నప్పుడు ముదురు నీలం మీద తెల్లటి వలయాలతో ఉండి, పెద్దయ్యాక పసుపు చారలు వేసుకుంటుంది. రెండూ వేర్వేరు చేపలనుకుంటాం. చాలా రకాల చిలుక చేపల్లో ఆడది మగగా మారుతుంది, దాంతోపాటే రంగూ మారుతుంది. అండమాన్‌లో నౌకాదళం నడిపే సముద్రిక మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పండి, చేపల్ని చూసే తీరే మారిపోతుంది.

ఇక కంగారు పడాల్సిన మార్పులు. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు, రెక్కల్లో ఎర్రజీరలు, ఉన్నట్టుండి నల్లమచ్చలు, పాలిపోయి నీటిపైకి వచ్చి నోరు తెరవడం. తెల్లచుక్కలు సాధారణంగా పరాన్నజీవి పని. మిగతావాటిలో అమ్మోనియా, నైట్రైట్ పెరిగాయేమో ముందు పరీక్షించండి. పెరిగితే పావు వంతు నీళ్లు మార్చండి. కొత్త నీటిలో క్లోరిన్ ఉండకూడదు, వేడి పాత నీటితో సమానంగా ఉండాలి. మందు సీసా మూత తీసేది ఆ తర్వాతే.