రేడియోధార్మిక పదార్థాల వినియోగ లైసెన్సు

రేడియోధార్మిక పదార్థాలను పరిశ్రమలలోను, ఆసుపత్రులలోను, పరిశోధనాలయాలలోను వాడుకొనుటకు నియంత్రణ సంస్థ ఇచ్చే అనుమతిని రేడియోధార్మిక పదార్థాల వినియోగ లైసెన్సు అంటారు. భారతదేశంలో ఈ అనుమతిని ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి ఇస్తుంది. ఈ మండలి 1983 నవంబరు 15న ఏర్పడినది. దీనికి చెన్నైలో ఒక ప్రాంతీయ కేంద్రం కలదు. విశాఖపట్నంలోని మల్కాపురం వంటి పారిశ్రామిక ప్రాంతాలలో ఈ లైసెన్సు అవసరం ముఖ్యంగా వెల్డింగు అతుకులను పరీక్షించే పనిలో కలుగుతుంది.

మల్కాపురం, పరిసర పరిశ్రమలు

మల్కాపురం విశాఖపట్నం ఓడరేవుకు చేరువలో ఉన్న ప్రాంతం. ఇక్కడి చమురు శుద్ధి కర్మాగారాన్ని కాల్టెక్స్ సంస్థ 1957లో ప్రారంభించినది. 1978లో ఇది హిందుస్తాన్ పెట్రోలియం సంస్థలో విలీనమైనది. పక్కనే ఉన్న సింధియా ప్రాంతానికి ఆ పేరు 1941లో నౌకానిర్మాణ కేంద్రాన్ని స్థాపించిన సింధియా కంపెనీ వలన వచ్చినది. ఆ కేంద్రమే నేటి హిందుస్తాన్ షిప్‌యార్డు.

చమురు శుద్ధి, నౌకానిర్మాణం రెండింటిలోను ఇనుప గొట్టాలను, రేకులను వెల్డింగుతో అతుకుతారు. అతుకు లోపల పగులు గాని, గాలి బుడగ గాని మిగిలిపోతే పైకి కనబడదు. అధిక పీడనంలో చమురు, వాయువు ప్రవహించే గొట్టంలో అటువంటి లోపం ప్రమాదానికి దారి తీయగలదు. అందుచేత అతుకుకు ఒక వైపు గామా కిరణాలను వెలువరించే సోర్సును, రెండవ వైపు ఫిల్మును ఉంచి లోపలి స్థితిని చిత్రంగా తీస్తారు. దీనినే పారిశ్రామిక రేడియోగ్రఫీ అంటారు.

వాడే పదార్థాలు

రేడియోగ్రఫీలో ఎక్కువగా వాడేది ఇరిడియం-192. దీని అర్ధాయువు సుమారు 74 రోజులు. అనగా 74 రోజులకు దాని బలం సగానికి, 148 రోజులకు నాలుగవ వంతుకు తగ్గుతుంది. కనుక సోర్సును ఏడాదిలో పలుమార్లు మార్చవలసి వస్తుంది. మందమైన ఉక్కుకు కోబాల్టు-60 వాడతారు. దీని అర్ధాయువు 5.27 సంవత్సరాలు. ట్యాంకులలో ద్రవ మట్టాన్ని కొలిచే గేజీలలో వాడే సీసియం-137 అర్ధాయువు సుమారు 30 సంవత్సరాలు.

ఇరిడియం సోర్సు చిన్న లోహపు గొట్టంలో మూసి ఉంటుంది. దానిని సీసం గాని, క్షీణ యురేనియం గాని కవచంగా గల పరికరంలో భద్రపరుస్తారు. కవచం నుండి బయటికి వచ్చిన సోర్సు చేతితో తాకదగినది కాదు. దూరం రెట్టింపయితే కిరణాల తీవ్రత నాలుగవ వంతుకు తగ్గుతుంది. అందుచేతనే సోర్సును పొడవైన తీగ సహాయంతో దూరం నుండి కదిలిస్తారు.

చట్టం, అనుమతి రకాలు

1962 నాటి అణుశక్తి చట్టం కింద అణుశక్తి (వికిరణ రక్షణ) నియమాలు 2004లో వెలువడినవి. ఈ వ్యాసంలో వివరించిన పద్ధతి వాటిని అనుసరించినది. ఆ చట్టం స్థానంలో పార్లమెంటు 2025 డిసెంబరులో 'శాంతి' చట్టాన్ని ఆమోదించి, మండలికి చట్టబద్ధ ప్రతిపత్తి కల్పించినది.

ప్రమాద స్థాయిని బట్టి 2004 నియమాలలో అనుమతులు వేర్వేరుగా ఉన్నవి. పారిశ్రామిక రేడియోగ్రఫీకి, కాన్సరు చికిత్సలో వాడే టెలిగామా యంత్రాలకు లైసెన్సు అవసరం. న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలకు ఆథరైజేషను ఇస్తారు. మట్టాన్ని కొలిచే గేజీలకు, ఆసుపత్రులలోని సాధారణ ఎక్స్‌రే యంత్రాలకు రిజిస్ట్రేషను సరిపోతుంది. వేరుగా పేర్కొనని పక్షంలో లైసెన్సు అయిదు సంవత్సరాలు చెల్లుతుంది.

దరఖాస్తు విధానం

2013లో ప్రారంభమైన 'ఈ-లోరా' అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా దరఖాస్తులను స్వీకరిస్తారు. సంస్థ మొదట తన పేరును నమోదు చేసుకొనవలెను. తరువాత ఈ క్రింది ఏర్పాట్లు చూపవలసి ఉంటుంది.

* మండలి ఆమోదం పొందిన వికిరణ భద్రతాధికారి
* శిక్షణ పొంది, అర్హత పత్రం గల రేడియోగ్రాఫర్లు
* సోర్సును భద్రపరచుటకు తాళం, కాపలా గల ప్రత్యేక గది
* కిరణాల తీవ్రతను కొలిచే సర్వే మీటర్లు
* ప్రతి కార్మికునికి మోతాదును నమోదు చేసే బ్యాడ్జీ
* హెచ్చరిక గుర్తులు, పని స్థలం చుట్టూ కట్టే తాళ్లు, అత్యవసర పరికరాలు

ఇవి సక్రమంగా ఉన్నాయని తేలిన పిదపనే సోర్సు కొనుగోలుకు అనుమతి లభిస్తుంది. దేశంలో వీటిని ప్రధానంగా వికిరణ, ఐసోటోపు సాంకేతిక బోర్డు సరఫరా చేస్తుంది. ఒక పని స్థలం నుండి మరొక చోటికి సోర్సును తరలించవలెనన్నా మండలికి తెలియపరచవలెను. బలం తగ్గిన సోర్సును పారవేయరాదు, అమ్మరాదు. సరఫరాదారునికి గాని, అనుమతి పొందిన సంస్థకు గాని తిరిగి పంపవలెను.

కార్మికుల రక్షణ

18 ఏళ్లు నిండనివారిని ఈ పనిలో కార్మికులుగా నియమించరాదు. కార్మికునికి వరుసగా అయిదేళ్లలో అనుమతించిన మొత్తం మోతాదు 100 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదిలోను అది 30 మిల్లీసీవర్టులను మించరాదు. సాధారణ ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్టు పరిమితి. పెద్ద కర్మాగారాలలో రేడియోగ్రఫీ పనిని తరచు గుత్తేదారులు చేస్తారు. అట్టి పనిలో సోర్సు ఎవరి లైసెన్సు కింద ఉన్నదో వారే దాని భద్రతకు బాధ్యులు.

నియంత్రణ తప్పిన సందర్భాలు

1987లో బ్రెజిల్‌లోని గోయానియా నగరంలో, మూతపడిన చికిత్సాలయంలో వదిలివేసిన సీసియం-137 యంత్రాన్ని కొందరు ఊడదీసి తుక్కు వ్యాపారికి అమ్మారు. నలుగురు మరణించారు. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చాలాకాలంగా వాడని కోబాల్టు-60 గామా యంత్రాన్ని వేలంలో తుక్కుగా అమ్మివేశారు. మాయాపురి తుక్కు బజారులో దానిని విడదీయగా ఒకరు మరణించారు, మరి కొందరు తీవ్ర అస్వస్థులయ్యారు.

ఈ రెండు చోట్లా యంత్రం పనిచేసిన కాలంలో ప్రమాదం జరగలేదు. వాడుక ఆగి, దాని బాధ్యత ఎవరిదో మరచిన తరువాతనే జరిగినది. కనుక లైసెన్సు ముఖ్యోద్దేశం సోర్సును కొనుటకు అనుమతించుట మాత్రమే కాదు. అది తయారైన నాటి నుండి తిరిగి అప్పగించే నాటి వరకు ఏ రోజున ఎక్కడ, ఎవరి అధీనంలో ఉన్నదో లెక్క తప్పకుండా చూచుట.